ఊరి పేరే పెట్టుబడి

ఊరి పేరు వినగానే నోరూరడం అన్ని ఊళ్లకూ దక్కే భాగ్యం కాదు. తెలుగునాట అలాంటి ఊళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మాడుగుల అనగానే హల్వా, తాపేశ్వరం అనగానే కాజా, ఆత్రేయపురం అనగానే పూతరేకు, బందరు అనగానే లడ్డు గుర్తుకొస్తాయి. ఇవన్నీ చేతి పనితనం వల్ల వచ్చిన పేర్లు. ఆ పనితనం తెలిసిన చేతులు అక్కడే ఉన్నాయి కాబట్టి రాబడి కూడా ఎంతో కొంత ఆ ఊళ్లకే చేరుతోంది. బనగానపల్లె సంగతి వేరు. అది లోకానికి ఇచ్చింది ఒక మామిడి చెట్టును. చెట్టు కొమ్మకు అంటు కట్టవచ్చు, అంటు మొక్క ఊరు దాటి ఎంత దూరమైనా పోవచ్చు. పోయిన ప్రతి చోటికీ ఊరి పేరును వెంట తీసుకుపోయింది. హైదరాబాదు తోపుడుబండి మీద, చెన్నై పండ్ల కొట్టులో, డాలస్‌లో తెలుగువాళ్లు తెప్పించుకునే అట్టపెట్టె మీద ఆ పేరే కనిపిస్తుంది. ఆ అమ్మకాల్లో ఆ ఊరికి ముట్టేది మాత్రం బహు స్వల్పం. చిన్న వ్యాపారాల్లో కొత్త ఆలోచనల గురించి, మార్కెటింగ్‌లో సృజన గురించి ఈ మధ్య సభలూ శిక్షణ తరగతులూ జోరుగా సాగుతున్నాయి. ఆ మాటలు చెప్పేవాళ్లూ వినేవాళ్లూ కూడా ఒకసారి బనగానపల్లె దాకా వెళ్లి రావాలి. పేరు ఎలా పుడుతుందో, ఎలా బతుకుతుందో, పుట్టింటికి ఎందుకు అక్కరకు రాకుండా పోతుందో అక్కడ అర్థమవుతుంది.

బనగానపల్లె ఒకప్పుడు నవాబుల సంస్థానం. మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న ఐదు సంస్థానాల్లో తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, సండూరులతో పాటు దీనికీ చోటుండేది. తిరువాన్కూరు పక్కన పెట్టి చూస్తే ఇది పిసరంత. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయి కర్నూలు జిల్లాలో భాగమైంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు నంద్యాల జిల్లాలో చేరింది. సంస్థానం పోయింది, జిల్లా మారింది, మామిడి పేరు మాత్రం చెక్కుచెదరలేదు. సీమలో దాన్ని బేనిషా అంటారు. కోస్తాలో బంగినపల్లి అంటారు. ఢిల్లీ బజార్లలో సఫేదా అని అమ్ముతారు. మామిడి టెంక నాటితే తల్లి చెట్టు గుణం వస్తుందన్న భరోసా లేదు, అంటు కడితేనే ఆ రుచి దిగుతుంది. కాబట్టి ఇవాళ నూజివీడులో, ఉలవపాడులో, కొల్లాపూర్‌లో కాస్తున్న బంగినపల్లి చెట్లన్నీ కొమ్మ నుంచి కొమ్మగా సాగివచ్చిన ఒకే వంశం. ఆ వంశాన్ని పెంచి పెద్ద చేసిన ఘనత అంటు కట్టిన వేల మంది తోటమాలులది, నీళ్లు మోసి చెట్టును బతికించిన రైతులది. అందులో కృష్ణా జిల్లా రైతు వాటా ఉంది, చిత్తూరు రైతు వాటా ఉంది, పాలమూరు రైతు వాటా కూడా ఉంది. వాళ్ల దగ్గర నుంచి పేరును లాక్కోవాలని అనడం న్యాయం కాదు. పేరు పెట్టిన ఊరికి కూడా ఆ పేరు మీద బతికే దారి ఉండాలని అనడం మాత్రం న్యాయమే.

ఆ పేరు ఎందుకు నిలిచిందో తెలియాలంటే కాయ కోసే చోట నిలబడి చూడాలి. మంచి తోటలో కాయను చెట్టు మీద నుంచి దులపరు. గడకు చిక్కం కట్టి, కాయను అందులోకి దించుకుంటారు. తొడిమ అంగుళం పొడవున ఉండేలా కోస్తారు. తొడిమ మొదలంటా విరిగితే సొన ఎగజిమ్మి తొక్క మీద పడుతుంది, పడిన చోటల్లా తొక్క మాడి నల్లటి చార తేలుతుంది. పండు లోపల ఎంత తియ్యగా ఉన్నా, చారలున్న కాయను కొనేవాడు పక్కన పెట్టేస్తాడు. కాయ పక్వానికి వచ్చిందో లేదో తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. తొడిమకు రెండు వైపులా భుజాలు నిండాలి. నీళ్ల తొట్టిలో వేస్తే ముదిరిన కాయ మునుగుతుంది, లేత కాయ తేలుతుంది. ఆ తర్వాత వరిగడ్డి పరిచి, వరసలు పేర్చి మాగవేస్తే కొద్ది రోజులకు తొక్క పసుపు తిరుగుతుంది. ఒక్కో పండు సుమారు 350 నుంచి 400 గ్రాములు తూగుతుంది. తొక్క పలచన, పీచు లేని కండ, టెంక సన్నన. శీతల గిడ్డంగిలో పెడితే మూడు నెలల దాకా నాణ్యత చెడదని భౌగోళిక గుర్తింపు కోసం పెట్టిన అర్జీలోనే పేర్కొన్నారు. కొన్నవాడి ఇంట్లో ఈ నాణ్యత ఏటా రుజువవుతూ వచ్చింది. అందుకే ఏ ప్రకటనా లేకుండా, ఏ సినిమా తార వచ్చి చెప్పకుండా ఒక చిన్న ఊరి పేరు దేశమంతా పాకింది.

సరుకు మంచిదైతే పేరు దానంతటదే పాకుతుందని చెప్పడానికి మనవాళ్ల చరిత్రే సాక్ష్యం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు ఆయన దగ్గర పెద్ద మూలధనం లేదు. సంగీత కచేరీలకు వెళ్లి, వచ్చినవాళ్లకు ఆ మందును ఉచితంగా పంచారు. ఒంటికి రాసుకున్నవాడికి నొప్పి తగ్గితే వాడే మరో పది మందికి చెబుతాడని నమ్మారు.  ఆ వ్యాపారంలో వచ్చిన డబ్బుతోనే ఆంధ్రపత్రికను నడిపి తెలుగువారికి మేలు చేశారు. బనగానపల్లెకు మరింత దగ్గరగా చూస్తే, 1948లో కర్నూలులో చిన్నగా మొదలైన పుల్లారెడ్డి మిఠాయి అంగడి నేతి మిఠాయికి మారుపేరైంది. స్వచ్ఛమైన నెయ్యి అన్న ఒక్క మాటను తరాల పాటు నిలబెట్టుకోవడమే అక్కడ జరిగిన మార్కెటింగ్. ఆ ఆదాయంలోంచి విద్యాసంస్థలూ వెలిశాయి. ఇద్దరూ సరుకునే ముందు పెట్టారు, మాటను దాని వెనక నడిపించారు. కొత్తదనం అంటే ఎప్పుడూ వినని సంగతి చెప్పడమేనని అనుకునే ఈ రోజుల్లో ఈ ఇద్దరినీ మళ్లీ చదవాలి. కొనేవాడి మనసులో నమ్మకం కుదిరే దారిని కొత్తగా కనిపెట్టడం కూడా సృజనే. చిన్న వ్యాపారికి అందుబాటులో ఉన్న సృజన కూడా అదే.

బనగానపల్లె మామిడికి ఆ నమ్మకం తాతముత్తాతల నుంచి వచ్చిన ఆస్తి. చట్టం కూడా దాన్ని ఒప్పుకుంది. 2017 మే నెలలో చెన్నైలోని రిజిస్ట్రీ ఈ మామిడికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలను దీని మూలస్థానంగా చూపించారు. కోస్తా, రాయలసీమలతో పాటు తెలంగాణలోని ఖమ్మం, మహబూబ్‌నగర్, రంగారెడ్డి, మెదక్, ఆదిలాబాద్ జిల్లాలను రెండో వరస స్థానాలుగా చేర్చారు. హక్కుదారుగా రాష్ట్ర ఉద్యానశాఖ కమిషనర్ పేరు నమోదైంది. ఆనాడు పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. ఆ పండగ తర్వాత చేయాల్సిన పని గురించి మాత్రం అంతగా మాట్లాడుకోలేదు. గుర్తింపు వచ్చినంత మాత్రాన రైతుకు ఆ ముద్ర వేసుకునే హక్కు దానంతటది రాదు. భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం ఆ సరుకును పండించేవారు, తయారుచేసేవారు అధీకృత వినియోగదారులుగా విడివిడిగా పేరు నమోదు చేసుకోవాలి. అప్పుడే పెట్టె మీద ఆ ముద్ర వేసుకునే అధికారం, దొంగ సరుకు మీద కోర్టుకు వెళ్లే బలం వస్తాయి. ఆ అర్జీ రుసుము ఒకప్పుడు 500 రూపాయలుండేది. 2020లో నిబంధనలు సవరించి దాన్ని 10 రూపాయలకు దించారు. ఒక గ్లాసు టీ తాగే డబ్బుతో తాతల నాటి ఆస్తి మీద చట్టబద్ధమైన హక్కు పొందే అవకాశం రైతు ముంగిట్లో ఉంది. దాన్ని ప్రతి తోటకూ చేర్చడానికి కావలసింది ఊళ్లోకి వచ్చి కాగితం నింపిపెట్టే ఒక మనిషి.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఇదే గుర్తింపు వచ్చింది. అక్కడ అర్జీ పెట్టింది కాటన్ దొర పేరు పెట్టుకున్న తయారీదారుల సంక్షేమ సంఘం. కుండ మీద రేకు తీసే ఇళ్లు ఉన్న ఊళ్లోనే హక్కు పత్రం కూడా ఉంది. ప్రభుత్వ శాఖ చేతిలో హక్కు ఉండటం తప్పేమీ కాదు. ఒక పంట రెండు రాష్ట్రాల్లో పరుచుకున్నప్పుడు ఎవరో ఒకరు పెద్దరికం వహించాలి. అయితే శాఖ దగ్గర ఉన్న హక్కు రైతు చేతికి వచ్చే దాకా అది బీరువాలో కాగితమే. 2021లో దక్షిణ కొరియాకు రెండున్నర టన్నుల మామిడి ఎగుమతైంది. అందులో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి పండ్లు, సువర్ణరేఖ పండ్లు ఉన్నాయి. అవి కృష్ణా, చిత్తూరు జిల్లాల రైతుల తోటల్లో కాసినవి. తిరుపతిలోని కేంద్రంలో వేడి ఆవిరితో శుద్ధి చేసి పంపారు. ఆ రైతుల విజయానికి సంతోషించాల్సిందే. అదే సమయంలో, కొరియా దాకా వెళ్లిన పేరుకు పుట్టినిల్లయిన మండలాల్లో అలాంటి ప్యాక్‌హౌస్, అలాంటి రైతు బృందం ఎప్పుడు తయారవుతాయని అడగాల్సిందే.

సీమలో మామిడి రైతు కష్టం ఒక్క పేరుతో తీరేది కాదు. వాన తక్కువ, బోరు లోతు, పూత మీద మంచు, పిందె మీద గాలిదుమారం అన్నీ వాడి మీదే పడతాయి. అందుకే చాలామంది పూత దశలోనే తోటను గుత్తకు ఇచ్చేసి చేతికొచ్చిన డబ్బుతో ఊపిరి పీల్చుకుంటారు. ఆ క్షణం నుంచి కాయతో వాళ్లకు సంబంధం తెగిపోతుంది. ఎప్పుడు కోయాలో, ఎలా మాగవేయాలో, ఏ పేరుతో అమ్మాలో గుత్తదారు ఇష్టం. ధర బాగుంటే లేత కాయనైనా కోసేస్తాడు. మండీకి తెచ్చుకున్నవాడికి కమిషన్, తరుగు, హమాలీ పోగా మిగిలేది చూసుకుంటే అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత గుర్తుకొస్తుంది. పండు బజారుకు చేరే సరికి మరో ప్రమాదం కాచుకుని ఉంటుంది. తొందరగా రంగు తేవడానికి కాల్షియం కార్బైడ్ వాడటం చట్టరీత్యా నిషేధం. అందులోంచి వెలువడే వాయువుతో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు కూడా ఉంటాయి కాబట్టే ఆ నిషేధం. ఇథిలిన్ వాయువును పది లక్షల పాళ్లకు వంద పాళ్ల దాకా వాడుకోవచ్చని ఆహార భద్రతా సంస్థ అనుమతించింది. అయినా కార్బైడ్ వాడకం ఆగలేదు. 2015లో ఉమ్మడి హైకోర్టు పత్రికల కథనాలు చూసి తనంతట తానుగా కేసు చేపట్టాల్సి వచ్చింది. పైన పసుపు, లోపల పులుపు ఉన్న పండు కొన్నవాడు అమ్మిన బండివాణ్ని మరిచిపోతాడు, బంగినపల్లి పేరును మాత్రం గుర్తుపెట్టుకుని తిడతాడు. పేరు తెచ్చిపెట్టిన ఊరికి లాభంలో వాటా లేకపోగా, నిందలో మాత్రం పూర్తి వాటా దక్కుతోంది.

ఇదంతా మార్చలేని తలరాత కాదు. జపాన్‌లో మియజాకి అనే ప్రాంతం ఉంది. అక్కడ మామిడి స్థానికం కానే కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో పుట్టిన ఇర్విన్ రకాన్ని తెచ్చుకుని, పాలిథిన్ ఇళ్లలో పెంచారు. కాయను కోయరు, ప్రతి కాయకూ చిన్న వల కడతారు. పండు తనంతట తాను రాలి వలలో పడేదాకా ఆగుతారు. అన్ని పండ్లకూ గొప్ప పేరు పెట్టరు. కనీసం 350 గ్రాముల బరువు, 15 శాతం తీపి, నిండు ఎరుపు ఉంటేనే సూర్యుడి గుడ్డు అనే అర్థం వచ్చే ముద్ర వేస్తారు. తక్కిన పండ్లను మామూలు పండ్లుగానే అమ్ముతారు. వాటిని అలా పక్కన పెట్టడం వల్లే ముద్ర పడిన పండుకు లోకం అబ్బురపడే ధర వస్తోంది. సొంత మామిడి లేని ఊరు పేరును సంపాదించింది. సొంత మామిడీ, వందల ఏళ్ల పేరూ ఉన్న ఊరు ఆ పేరును ఊరికే వదిలేసుకుంది. మన బంగినపల్లి సగటు బరువు కూడా 350 గ్రాముల పైనే అన్నది మరిచిపోకూడదు.

అంత దూరం వద్దనుకుంటే మహారాష్ట్రలోని దేవ్‌గడ్‌ను చూడవచ్చు. అక్కడి అల్ఫాన్సోకు భౌగోళిక గుర్తింపు బంగినపల్లి తర్వాతే, 2018లో వచ్చింది. పక్క రాష్ట్రాల పండును దేవ్‌గడ్ పేరుతో అమ్ముతున్నారని గుర్తించిన అక్కడి రైతుల సహకార సంఘం 2025 సీజనుకు ప్రతి పండు మీదా ప్రత్యేక సంఖ్య ఉన్న స్టిక్కరు వేయాలని తీర్మానించింది. ఎవరికి ఎన్ని స్టిక్కర్లన్నది వాళ్ల చెట్ల లెక్కను బట్టి ఉంటుంది. కొన్నవాడు తన ఫోన్‌తోనే ఆ పండు అసలుదో కాదో తేల్చుకోవచ్చు. ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన చాలా సాదా. చెట్టు ఎన్ని కాయలు కాస్తుందో అంతకు మించి ఆ పేరుతో బజారులో పండు ఉండకూడదు. ఆ మాట మీద రైతులంతా ఒక్కటయ్యారు. సాంకేతికత ఆ తర్వాత వచ్చింది. సంఘం ముందు, యంత్రం తర్వాత అన్న ఈ క్రమాన్ని మనవాళ్లు గమనించాలి.

బనగానపల్లె చేయదగిన పని కూడా ఇంతే సాదాగా మొదలుకావచ్చు. రెండో వరస జిల్లాల హక్కును కాదనకుండానే, బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాల పండుకు మూలస్థానం అనే ప్రత్యేక ముద్ర తీసుకోవచ్చు. ఆ ముద్ర ఏడాదికి కొన్ని వేల పెట్టెలకే పడినా నష్టం లేదు. పెట్టె మీద నాలుగు సంగతులు తెలుగులో రాస్తే చాలు. ఏ ఊరి తోట, కోసిన తేదీ ఏది, మాగవేసింది గడ్డిలోనా గదిలోనా, ఎన్నో రోజుకు తినాలి. ఈ నాలుగూ రాయగలిగిన రైతు దగ్గర దాచేది ఏమీ లేదని కొనేవాడికి తెలిసిపోతుంది. పెట్టె పక్కన రైతు ఫోన్ నంబరు ఉంటే, వచ్చే ఏడాది ఫాల్గుణంలోనే ఆ నంబరుకు పిలుపు వస్తుంది. కృష్ణా, చిత్తూరు, పాలమూరు ప్రాంతాల్లో కొందరు రైతులు వాట్సాప్ బృందాల ద్వారా నేరుగా పట్నం ఇళ్లకు పెట్టెలు పంపుతున్నారు. ఆర్టీసీ కార్గో, కొరియర్లు వాళ్లకు దారి వేశాయి. నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య 2016 నుంచి రైలు తిరుగుతోంది, బనగానపల్లెలో స్టేషను ఉంది. రోడ్డు ఉంది, రైలు ఉంది, ప్రతి చేతిలో ఫోన్ ఉంది. పట్నంలో అడిగేవాళ్లు ఉన్నారు. వీటన్నిటినీ కలిపే ముడి ఒక్కటే పడాలి.

ఆ ముడి వేయాల్సింది ఒంటరి రైతు కాదు. రెండెకరాల తోట ఉన్నవాడు సొంతంగా ముద్ర, పెట్టె, రవాణా అన్నీ చూసుకోలేడు. పది, ఇరవై మంది కలిసి ఉత్పత్తిదారుల సంఘంగా ఏర్పడితే ఒక మాగవేసే గది, ఒక బరువు చూసే బల్ల, లెక్కలు చూసే ఒక చదువుకున్న కుర్రాడు సమకూరతారు. సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థలకు కేంద్ర పథకం కింద పెట్టుబడిలో 35 శాతం దాకా, పది లక్షల రూపాయల పరిమితితో రాయితీ వస్తుంది. గ్రేడింగ్‌లో పక్కన పడిన పండుతో తాండ్ర, రసం, ఊరగాయ చేసేందుకు డ్వాక్రా మహిళలకు అంతకంటే మంచి సాయం దొరకదు. పక్కన పెట్టిన పండుకు విలువ దొరికితేనే మంచి పండును ఏరే ధైర్యం రైతుకు వస్తుంది. ఈ రెండు పనులూ జంటగా సాగాలి.

మామిడి ఒక్కటే ఈ ఊరి ఆస్తి కాదు. ఊరికి కొద్ది దూరంలో యాగంటి ఉంది. ఏటేటా పెరుగుతుందని భక్తులు నమ్మే నందిని చూడటానికి, కోనేరులో మునగడానికి జనం వస్తూనే ఉంటారు. 2009లో వచ్చిన అరుంధతి సినిమా పుణ్యమా అని నవాబుల పాత బంగళాకు కొత్త తరం పర్యాటకులు దొరికారు. కొలిమిగుండ్ల వైపు వెళ్తే బెలుం గుహలున్నాయి. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గోవులు కాస్తూ కాలజ్ఞానం రాశారని చెప్పే రవ్వలకొండ ఇక్కడే ఉంది. ఇన్ని చోట్లకు వచ్చే మనిషి, మామిడి కాలమైతే, బనగానపల్లెలో కాసిన బనగానపల్లె పండు ఒకటి తిని, ఒక పెట్టె పట్టుకుపోవాలి. ఆ ఒక్క అనుభవం వాడిచేత పదేళ్లు ఆ ఊరి పేరు చెప్పిస్తుంది. యాగంటి దారిలో రైతులు తమ అంగడిని తామే నడుపుకునే నీడ ఒకటి వేస్తే చాలు, ఏ ప్రకటన సంస్థా అంత పని చేయలేదు.

ఇదే మండలంలో జ్వాలాపురం అనే ఊరుంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు లేచిన బూడిద సముద్రం దాటి వచ్చి ఈ జుర్రేరు లోయలో పడి పొరగా పేరుకుంది. రవి కోరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం ఆ పొరకు కిందా పైనా ఆదిమ మానవుల రాతి పనిముట్లు తవ్వి తీసి, 2007లో సైన్స్ పత్రికలో రాసిన దగ్గర నుంచి లోకంలోని పురావస్తు శాస్త్రవేత్తలంతా ఆ చిన్న ఊరి పేరు తెలుసుకున్నారు. స్థానికంగా మాత్రం ఆ తెల్లటి మట్టిని తవ్వి పాత్రలు తోమే పొడుల తయారీకి అమ్మేశారు. ఆ పని చేసిన కూలీని తప్పుపట్టలేం. పూట గడవడానికి కనిపించిన దారి అది. మానవజాతి కథలో ఒక పుటను గిన్నెలు తోమే పొడి ధరకు అమ్ముకున్నామన్న బాధ మాత్రం అందరిదీ కావాలి. మామిడిలో పేరు బయటికి పోయి సరుకు విలువ ఊరికి దక్కలేదు. జ్వాలాపురంలో సరుకు బయటికి పోయి కథ విలువ ఊరికి దక్కలేదు. నష్టం రెండింటా ఒకటే. తన దగ్గర ఉన్నది ఏమిటో ఊరికి చెప్పేవాళ్లు లేకపోవడమే అందుకు కారణం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న చూపు మనకు ఇంకా పోలేదు.

నాపరాళ్ల కథ కూడా అలాంటిదే. బనగానపల్లె, కొలిమిగుండ్ల, అవుకు, బేతంచెర్ల ప్రాంతాల్లో భూమి కింద పలకలు పలకలుగా దొరికే ఈ రాయి ఎన్నో తెలుగు ఇళ్లకు చల్లని నేలనిచ్చింది. పాలిష్ మిషన్ల మీద వేల కుటుంబాలు బతికాయి. టైల్స్ వచ్చాక గిరాకీ పడిపోయింది. పోటీకి ధర తగ్గించడం తప్ప మరో ఉపాయం తోచని దశలో చాలా యూనిట్లు చితికిపోయాయి. ఆ రాయి ఏ క్వారీదో, మండే ఎండలో ఇంట్లో ఎంత చల్లగా ఉంటుందో, దాన్ని ఎలా పరిస్తే ఎన్నేళ్లు మన్నుతుందో ఇల్లు కట్టుకునే మనిషికీ, కొత్తగా చదువుకుని వచ్చే ఆర్కిటెక్టుకూ చెప్పే ప్రయత్నం జరగాలి. ధర తగ్గించుకుంటూ పోయే పోటీలో చిన్నవాడు ఎప్పుడూ ఓడిపోతాడు. విలువ చెప్పుకునే పోటీలో మాత్రం వాడికీ గెలిచే అవకాశం ఉంటుంది.

చిన్న వ్యాపారులకు ఇచ్చే శిక్షణల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్నవి రీల్స్, లోగోలు, ఆఫర్లు. అవి వద్దని ఎవరూ అనరు. బజారులో గొంతు వినిపించాలంటే కొంత హడావిడి తప్పదు. సరుకు వెనక మాట నిలబడకపోతే ఆ హడావిడి ఒక్క సీజనుకు మించి మిగలదు. కొనేవాడు ఒకసారి మోసపోతే మళ్లీ రాడు, పైగా నలుగురికి చెబుతాడు. అందుకని శిక్షణ మొదటి పాఠం సరుకు గురించే ఉండాలి. ఈ సరుకులో ఇంకెక్కడా దొరకనిది ఏముంది, దాన్ని కొనేవాడు తన కళ్లతో ఎలా చూసి నమ్ముతాడు, చెప్పిన మాట తప్పితే ఎవరు జవాబుదారీ అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోగలిగిన కిరాణా కొట్టువాడు, రాళ్ల వ్యాపారి, తాండ్ర చేసే అక్క, మామిడి రైతు ఎవరైనా సరే మార్కెటింగ్‌లో సగం పని పూర్తి చేసినట్టే.

ప్రభుత్వం చేయాల్సిన పని కూడా బరువైనదేం కాదు. భౌగోళిక గుర్తింపుకు కాలపరిమితి పదేళ్లు, ఆ తర్వాత పునరుద్ధరించుకుంటూ పోవాలి. ఆ గడువును గుర్తు పెట్టుకోవడం ఒక్కటే కాకుండా, అధీకృత వినియోగదారుల నమోదు కోసం ఉద్యానశాఖ ఊరూరా శిబిరాలు పెట్టాలి. పది రూపాయల అర్జీని రైతు భాషలో, రైతు ఊళ్లో నింపించాలి. మూలస్థానపు మండలాల్లో ఒక ప్యాక్‌హౌస్, ఇథిలిన్ గదులు ఏర్పాటు చేయాలి. కార్బైడ్ వాడినవాడిపై చర్య తీసుకునేటప్పుడు ఆ పండు ఏ పేరుతో అమ్ముడైందో కూడా బయటపెట్టాలి. తెలంగాణ, ఆంధ్ర రెండు ప్రభుత్వాలూ ఈ ఒక్క పండు విషయంలో కూర్చుని ఒక నాణ్యతా ప్రమాణం రాసుకుంటే, బంగినపల్లి అన్న మాటకు ప్రతి బజారులో ఒకే అర్థం ఉంటుంది. అది రెండు రాష్ట్రాల రైతులకూ లాభమే.

ఇక మిగిలింది కొనేవాళ్ల బాధ్యత. వచ్చే వేసవిలో బంగినపల్లి పండు చేతిలోకి తీసుకున్నప్పుడు ధర అడిగే ముందు అమ్మేవాణ్ని మరో మూడు మాటలు అడగండి. ఇది ఏ ఊరి తోటది, ఎప్పుడు కోశారు, ఎలా మాగవేశారు. మొదటి ఏడాది వాళ్ల దగ్గర జవాబు ఉండకపోవచ్చు. కొనేవాళ్లంతా అడుగుతూ పోతే రెండో ఏడాదికి జవాబు తెచ్చుకుంటారు. నిజమైన జవాబు చెప్పిన రైతుకు పది రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి వెనకాడకండి. ఆ పది రూపాయలే బనగానపల్లెకు తన పేరును తిరిగి తెచ్చిపెడతాయి.